ముందే అడగాల్సిన ప్రశ్న

రైతు ప్రాణం తీసుకున్న ఇంటికి ముగ్గురు అధికారులు వస్తారు. రెవెన్యూ నుంచి ఒకరు, పోలీసు శాఖ నుంచి ఒకరు, వ్యవసాయ శాఖ నుంచి ఒకరు. 2004 జూన్ 1న వెలువడిన జీవో 421తో ఈ పద్ధతి మొదలైంది. చనిపోయిన మనిషి పేరున పాసుపుస్తకం ఉందా? కౌలు రైతయితే రుజువేమిటి? అప్పు బ్యాంకుదా, బయటిదా? బయటిదైతే ప్రోనోటు ఉందా? ఆ డబ్బు సేద్యానికే తెచ్చాడా, బిడ్డ పెళ్లికి తెచ్చాడా? ఇలా విచారణ సాగుతుంది. కాగితాలు సరిపోతే కుటుంబానికి పరిహారం వస్తుంది. మొదట్లో అది లక్షన్నర. లక్ష ఇంటివాళ్లకు, యాభై వేలు అప్పులవాళ్లకు. తర్వాత ఐదు లక్షలైంది, 2019లో ఏడు లక్షలైంది.

ఆ డబ్బు అక్కర్లేదని గుండె ఉన్నవాళ్లెవరూ అనరు. పెద్దదిక్కు పోయిన ఇంట్లో పిల్లల చదువు ఆగకుండా, ఉన్న రెండెకరాలు చేజారకుండా అది కొంత ఆదుకుంటుంది. కానీ ఈ ఏర్పాటుకు ఇరవై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో ప్రభుత్వం తరఫున ఆ గడపలో అడిగిన ప్రశ్నలన్నీ మనిషి పోయాక అడిగినవే. అదే ముగ్గురు ఆర్నెల్ల ముందు ఆ ఇంటికి ఎందుకు రాలేదు? వచ్చి ఉంటే ఏం అడగాలి? అడిగితే ఫలితం ఉంటుందా? ఉంటుందనే మనస్తత్వ శాస్త్రం చెబుతోంది. చెన్నైలో, కొలంబోలో, విదర్భ పల్లెల్లో లెక్కలు తీసి మరీ చెబుతోంది. అనంతపురానికి ఆ శాస్త్రం ఇంకా పూర్తిగా చేరలేదన్నదే ఈ కథనం బాధ.

ఊడలు దిగే వేళ

అనంతపురం 1882లో బళ్లారి జిల్లా నుంచి విడివడింది. 2022 ఏప్రిల్‌లో తానే రెండుగా చీలి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. జిల్లాల గీతలు మారినా వాన మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా పేరు. నైరుతి మబ్బును పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్యం మబ్బు ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడిపోతుంది. ఎర్రనేలలు లోతు తక్కువ, తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు.

అలాంటి నేలలో ఒకప్పుడు కొర్ర, జొన్న, సజ్జ, ఆముదం, కంది కలగలిపి వేసేవారు. ఒకటి పోయినా ఇంకొకటి మిగిలేది. నూనెగింజలకు గిరాకీ పెరిగి, 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టాక చేలన్నీ శెనక్కాయ అయ్యాయి. ఒక దశలో జిల్లాలో ఆ ఒక్క పంటే ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా పరుచుకుంది. ముంగారులో పదునైన వాన పడగానే విత్తనం వేయాలి. విత్తనం ఖర్చే అన్నిటికన్నా పెద్దది. పూత పట్టి, ఊడలు నేలలోకి దిగే రోజుల్లో తడి కావాలి. ఆ రెండు వారాలు వాన మొహం చాటేస్తే చేను పైకి పచ్చగానే కనిపిస్తుంది, చెట్టు కింద కాయ మాత్రం ఉండదు. పీకి చూస్తేగానీ నష్టం బయటపడదు. అప్పటికి పెట్టుబడి మొత్తం మట్టిలో కలిసి ఉంటుంది. బోరు ఉన్నవాడి కథ ఇంకో రకం. ఒకటి ఎండితే రెండోది, అదీ ఎండితే ఇంకో వంద అడుగులు దించితే జల తగులుతుందేమోనన్న ఆశ. నూటికి నెలకు రెండు రూపాయలో, మూడు రూపాయలో వడ్డీ. ముందు భార్య మెడలోది బ్యాంకుకు పోతుంది, ఆ తర్వాత ప్రోనోట్లు మొదలవుతాయి.

1990ల చివర నుంచీ ఈ జిల్లా రైతుల మరణాలు దేశమంతటికీ తెలిశాయి. 2004లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్థికవేత్త జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేసింది. అప్పు, నీళ్లు, కౌలు, పంటల తీరు వగైరాల మీద ఆనాడు చెప్పినవాటిలో చాలా భాగం ఇవాళ్టికీ చెల్లుతుంది. పరిశోధనలూ అదే దారిలో నడిచాయి. 2014లో జోనథన్ కెన్నెడీ, లారెన్స్ కింగ్ అనే ఇద్దరు పరిశోధకులు మన దేశంలో రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య ఆత్మహత్యల రేటులో అంత తేడా ఎందుకని వెతికారు. హెక్టారు లోపు కమతం, వాణిజ్య పంట, అప్పు. ఈ మూడూ కలిస్తే ఆ తేడాలో దాదాపు నాలుగింట మూడొంతులకు కారణం దొరికింది. 2017లో టామా కార్ల్‌టన్ 47 ఏళ్ల గణాంకాలు పరిశీలించారు. పంటకాలంలో 20 డిగ్రీలు దాటిన రోజున వేడి మరో డిగ్రీ పెరిగితే దేశంలో సుమారు 70 ప్రాణాలు అదనంగా పోతున్నాయని తేల్చారు. పంటలేని కాలపు వేడికి ఆ ప్రభావం కనిపించలేదు. అంటే వేడి ముందు పైరును దెబ్బతీస్తోంది, పైరు మీదుగా మనిషిని చేరుతోంది.

కాబట్టి ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఇది మనసుకు సంబంధించిన సమస్య అని చెప్పి, గిట్టుబాటు ధరనూ నీళ్లనూ పక్కన పెట్టడానికి వీల్లేదు. ఇండొనేసియాలో పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు ఇచ్చిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు సుమారు 18 శాతం తగ్గాయని 2019లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. చేతిలో డబ్బు ఉండటం కూడా ప్రాణరక్షణే. హంద్రీనీవా నీళ్లు చెరువుకు చేరడం కూడా ప్రాణరక్షణే. అయితే ఒకే ఊళ్లో, ఒకే కరువులో, ఇంచుమించు ఒకే అప్పుతో పదిమంది ఉంటే తొమ్మిదిమంది ఎలాగో నెట్టుకొస్తారు. బెంగళూరుకు వలసపోయో, గొర్రెలు అమ్మో, బామ్మర్ది దగ్గర చేబదులు తెచ్చో. పదోవాడి దగ్గర ఏం జరుగుతోందన్నది ఆర్థికశాస్త్రం ఒక్కటే చెప్పలేదు.

కడుపునొప్పి అని రాసుకున్న రోజులు

పాత్రికేయుడు పి. సాయినాథ్ 2000ల మొదట్లో అనంతపురం పల్లెలు తిరిగి రాసిన కథనాల్లో ఒక సంగతి చాలామందికి గుర్తుండి ఉంటుంది. పోలీసు లెక్కల్లో ఈ మరణాలకు కారణంగా పదేపదే కనిపించింది 'భరించలేని కడుపునొప్పి'. కరువు లేదు, అప్పు లేదు, కడుపునొప్పి ఉంది. అది చదివి రాష్ట్రం సిగ్గుపడింది, పడాల్సిందే.

ఆ లెక్కకు రెండో వైపు ఒకటుంది. అనంతపురానికి ఆగ్నేయంగా, తమిళనాడులోని వేలూరు పక్కన కణియంబాడి అనే బ్లాకు ఉంది. అక్కడి పల్లెల్లో ప్రతి మరణాన్నీ క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి నమోదు చేశారు. పోలీసు లెక్కలకు ఎన్నో రెట్లు ఎక్కువగా, 1994-99 మధ్య లక్ష జనాభాకు ఏటా 95 మంది దాకా ఆత్మహత్య చేసుకున్నట్టు తేలింది. ఆ ప్రాంతంలోనే ప్రాణం తీసుకున్న 100 మంది జీవితాలను, బతికున్న మరో 100 మంది జీవితాలతో పోల్చిన అధ్యయనం 2010లో అచ్చయింది. చనిపోయినవాళ్లలో మానసిక వ్యాధి అని పేరు పెట్టదగ్గ స్థితి ఉన్నది 37 శాతం మందికే. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి అధ్యయనాల్లో ఆ అంకె 90 దాకా ఉంటుంది. మరి ఇక్కడ ముప్పు పెంచిందేమిటి? ఎడతెగని ఒత్తిడి, దీర్ఘకాలపు ఒంటినొప్పి.

అంటే ఆ కడుపునొప్పి పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. నిద్రలేని రాత్రులు, వేళకు తినని తిండి, సాయంత్రమైతే సారా, మోకాళ్ల నొప్పికి ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు. కరువు మనిషి ఒంట్లోకి ఈ రూపాల్లోనే దిగుతుంది. తప్పు నొప్పి రాసుకోవడంలో లేదు, నొప్పి ఒక్కటే రాసి ఊరుకోవడంలో ఉంది. ఇప్పటికీ జాతీయ నేర గణాంకాల పట్టిక అలాగే ఉంది. 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో 31.7 శాతానికి కారణం కుటుంబ సమస్యలు, 18.4 శాతానికి అనారోగ్యం. సాగు రంగానికి చెందినవాళ్లు 11,290 మంది. ఒక్కో మరణానికి ఒక్కో గడి. పంట పోయి, అప్పు పెరిగి, ఆ అప్పు మీద ఆలుమగల మధ్య రోజూ గొడవై, ఆ గొడవ జరిగిన రాత్రి మనిషి పోతే పట్టికలో ఎక్కేది కుటుంబ కలహమే.

ఆ పట్టికలో అసలే కనిపించని మనుషులు కూడా ఉన్నారు. భూమి తన పేరున లేని ఆడమనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా చేలోనే ఉన్నా, చనిపోతే గృహిణి. గుర్తింపు కార్డు లేని కౌలు రైతు కూలీల లెక్కలో కలిసిపోతాడు. ధర్మవరం మగ్గం మీద పట్టుచీర నేసే మనిషి అప్పుకూ రైతు అప్పుకూ పెద్ద తేడా లేదు, కానీ ఆయన రైతు కాడు. 2012లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో సగానికి మించి 15-29 ఏళ్ల మధ్యవాళ్లే. రైతు ఆత్మహత్య అనగానే మన కళ్లకు తలపాగా ఉన్న నడివయసు మగమనిషి కనిపిస్తాడు. ఆయన వెనక వంటింట్లో ఉన్న పద్దెనిమిదేళ్ల కోడలిని కూడా చూడాలి.

దారులన్నీ మూసుకుపోయాయని తోచినప్పుడు

ఆత్మహత్యను ఒక శాస్త్రంగా చదవడం లాస్ ఏంజెలిస్‌లో గట్టిగా మొదలైంది. 1958లో ఎడ్విన్ ష్నైడ్‌మన్, ఆయన సహచరులు అక్కడ నివారణ కేంద్రం తెరిచారు. చనిపోయినవాళ్ల బంధుమిత్రులతో ఓపిగ్గా మాట్లాడి, వాళ్ల చివరి నెలలను తిరిగి కూర్చుకునే పద్ధతి అక్కడే రూపు దిద్దుకుంది. మొదట చెప్పిన ముగ్గురు అధికారుల త్రిసభ్య కమిటీ చేసే పనికి అది దగ్గరగా కనిపిస్తుంది గానీ ఉద్దేశం వేరు. కమిటీ ఈ మనిషి పరిహారానికి అర్హుడా అని చూస్తుంది. ష్నైడ్‌మన్ ఈ మనిషిని ఎక్కడ ఆపగలిగేవాళ్లం అని చూశాడు. ఆయన జీవితాంతం చెప్పిన మాట ఒకటే. ఆ మనిషికి కావలసింది చావు కాదు, భరించలేని మనోవేదన ఆగిపోవడం. ఆ వేదనను కొంచెం తగ్గించగలిగినా మనిషి బతుకు వైపే మొగ్గుతాడు.

2005లో థామస్ జాయినర్ దీన్ని ఇంకొంచెం విప్పాడు. నేను ఎవరికీ చెందను అన్న ఒంటరితనం, నావల్ల నావాళ్లకు బరువే అన్న నమ్మకం. ఈ రెండూ ఒకే మనసులో కలిసినప్పుడు చావు ఆలోచన పుడుతుందన్నాడు. రోరీ ఓకానర్ 2011లో ఓటమిని, అవమానాన్ని ముందుకు తెచ్చాడు. ఓడిపోయానన్న భావం దానంతటది చంపదు. ఇక దీన్నుంచి బయటపడే దారే లేదు, చిక్కుకుపోయాను అనిపించినప్పుడు ప్రమాదం. స్కాట్లాండ్‌లో కూర్చుని రాసిన ఈ మాటలు చదువుతుంటే మన రచ్చకట్టే గుర్తుకొస్తుంది. అప్పులోడు నలుగురిలో నిలదీసిన రోజు, బ్యాంకువాళ్లు నోటీసు అంటించిన రోజు, వియ్యంకుల ముందు తల వంచుకున్న రోజు. డబ్బు పోవడానికీ 'మర్యాద పాయె' అనుకోవడానికీ మధ్య ఉన్న దూరం ఈ సీమలో చాలా తక్కువ.

బాగా ఒత్తిడిలో ఉన్న మనిషి దారి ఎందుకు వెతుక్కోలేడని అడిగేవాళ్లకు తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన జవాబు చెబుతుంది. సెంధిల్ ములైనాథన్ బృందం 464 మంది రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత తర్వాత ఒకసారి ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షలు పెట్టింది. మనిషి అతనే. డబ్బుకు కటకటగా ఉన్న కోత ముందు రోజుల్లో ఫలితాలు స్పష్టంగా తగ్గాయి. 2013లో ఇది సైన్స్ పత్రికలో వచ్చింది. అప్పు మనిషి బుర్రలో చోటు ఆక్రమించి, మిగతా ఆలోచనలకు చోటు లేకుండా చేస్తుంది. అందుకే 'ధైర్యం ఉండాలి, లేనిపోని ఆలోచనలు పెట్టుకోవద్దు' అన్న సలహా అంత నిష్ఫలం. దారి కనిపించని మనిషికి దారి చూపే ఇంకో మనిషి కావాలి.

అరగంట

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. ఆ తీవ్రమైన ఘడియ ఎక్కువసేపు ఉండదు.

శ్రీలంక పల్లెల్లో ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రిలో చేరినవాళ్లతో మైకేల్ ఎడిల్‌స్టన్ బృందం మాట్లాడింది. సగం మందికి పైగా ఆ ఆలోచన గట్టిపడ్డాక అరగంటలోపే చేసేశామన్నారు. ఆ వేళ చేతికి అందింది గనకే అది వాడామన్నారు. ఆస్ట్రియాలో 2009లో అచ్చయిన అధ్యయనంలో దాదాపు సగం మందికి ఆ వ్యవధి పది నిమిషాలే. ఆ ఘడియ దాటించితే మళ్లీ ప్రయత్నిస్తారు కదా అని అడుగుతారు కొందరు. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన మీద 1937 నుంచి 1971 దాకా చివరి క్షణంలో ఆపిన 515 మంది ఆ తర్వాత ఏమయ్యారో రిచర్డ్ సైడెన్ వెతికి 1978లో ప్రకటించాడు. నూటికి 94 మంది బతికే ఉన్నారు, లేదా సహజ మరణమే పొందారు. ఒకసారి అనుకున్నవాడు ఎలాగైనా పోతాడన్న మాట ఊరూరా వింటాం. అది తప్పు. ఆ మాట నమ్మినందువల్ల ఆపగలిగిన ప్రాణాలను వదిలేసుకున్నాం.

అరగంట అంత ముఖ్యమైతే, ఆ అరగంటలో ఇంట్లో ఏముందన్నదీ అంతే ముఖ్యం. సేద్యం ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటుంది. శ్రీలంక దీన్ని సూటిగా ఎదుర్కొంది. 1995లో ఆ దేశంలో లక్ష మందికి 47 మంది ఆత్మహత్య చేసుకున్నారు, ప్రపంచంలోనే అతి ఎక్కువ రేట్లలో ఒకటి. అతి ప్రమాదకరమైన పురుగుమందులను విడతలవారీగా నిషేధిస్తూ పోయారు. ఇరవై ఏళ్లలో ఆ రేటు 70 శాతం తగ్గింది. సుమారు 93 వేల ప్రాణాలు నిలిచాయని అంచనా. దిగుబడులు పడిపోలేదు. కేరళ 2011లో కొన్నిటిని ఆపింది. కేంద్రం 2018లో 18 రకాలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చి, కొన్నిటికి 2020 చివరి దాకా గడువిచ్చింది. ఈ పని ఇంకా వేగంగా సాగాలి.

మందు డబ్బాకు తాళం వేస్తే సరిపోదా? మంచి ఆలోచనే, కానీ తేలిక జవాబు లేదు. శ్రీలంకలో 180 ఊళ్లలో 53 వేలకు పైగా ఇళ్లతో భారీ ప్రయోగం జరిగింది. సగం ఊళ్లలో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు. 2017లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది, తేడా ఏమీ కనిపించలేదు. చెన్నైలో 1986లో స్నేహ అనే సంస్థను స్థాపించిన మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ ఇంకోలా చేశారు. కడలూరు జిల్లాలో రెండు ఊళ్లలో రైతులందరి మందులూ ఊరి ఉమ్మడి గదిలో, ఎవరి పెట్టెలో వాళ్లవి ఉంచే ఏర్పాటు. ఎవరికి కావలసినా అక్కడికి వెళ్లి, కాపలా మనిషిని పలకరించి తెచ్చుకోవాలి. అక్కడ మరణాలు తగ్గాయి. రెండే ఊళ్లు గనక తుది మాట అనలేం. ఈ రెండు ప్రయోగాలు పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమయ్యేది ఇది. తాళంచెవి ఇంటి గూట్లోనే ఉంటే ఆలస్యం ఏమీ కాదు. నాలుగు అడుగుల దూరం, దారిలో ఒక మనిషి పలకరింపు, ఆ అరగంటను కొనిపెడతాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ చిరుధాన్యాలతో చేయిస్తున్న సేద్యానికీ, రాష్ట్ర ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా నడిపిస్తున్న ప్రకృతి సేద్యానికీ ఈ కోణంలో ఇంకో విలువ ఉంది. పురుగుమందు అవసరంలేని ఇంట్లో ఆ డబ్బానే ఉండదు.

తొమ్మిదిసార్లు

ఎవరు ఆ ప్రమాదంలో ఉన్నారో ముందే పసిగట్టి వాళ్లనే కాపాడితే పోదా అనిపిస్తుంది. యాభై ఏళ్ల పరిశోధనల్లోని 365 అధ్యయనాలను జోసెఫ్ ఫ్రాంక్లిన్ బృందం 2017లో కలిపి చూసింది. ఫలానా మనిషి చేసుకుంటాడని చెప్పడంలో మన శక్తి బొమ్మా బొరుసూ వేయడం కన్నా కొంచెమే మెరుగు. మానసిక వైద్యులకే సాధ్యంకాని జోస్యం తహసీల్దారుకు, ఆశా కార్యకర్తకు ఎలా సాధ్యం? కాబట్టి మనిషిని ఊహించడం మానేసి, సందర్భాలను పట్టుకోవాలి. సందర్భాలు మనకు తెలుసు.

అన్నిటికన్నా స్పష్టమైన సందర్భం ఒకసారి ప్రయత్నించి బతికి బయటపడ్డ మనిషి. ఆ తర్వాతి నెలలే అతి ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు చోట్ల, వాటిలో చెన్నై ఒకటి, 1,867 మంది ఇలాంటివాళ్లతో ఒక ప్రయోగం చేసింది. సగం మందికి మామూలు చికిత్స. మిగిలినవాళ్లకు దానితోపాటు ఆసుపత్రి నుంచి వెళ్లేముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికెళ్లో ఎలా ఉన్నావని అడగడం. మొదటి, రెండో, నాలుగో, ఏడో, పదకొండో వారాల్లో, ఆపైన నాలుగో, ఆరో, పన్నెండో, పద్దెనిమిదో నెలల్లో. 2008లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిన్నర గడిచేసరికి మామూలు చికిత్స పొందినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం.

కొత్త మందేమీ లేదు, యంత్రం లేదు. గుర్తుపెట్టుకుని పలకరించడం, అంతే. అమెరికాలో జెరోమ్ మోటో అనే వైద్యుడు అంతకుముందే ఇంకా చిన్న పని చేసి చూశాడు. ఆసుపత్రి నుంచి వెళ్లి చికిత్సకు రావడం మానేసిన 843 మందిలో సగం మందికి ఐదేళ్లపాటు అప్పుడప్పుడూ రెండు మూడు వాక్యాల ఉత్తరాలు రాశాడు. నువ్వు బాగున్నావని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయి, అంతవరకే. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందినవాళ్లలో మరణాలు స్పష్టంగా తగ్గాయి. నేను ఎవరికీ చెందను అన్న నమ్మకాన్ని కోతపెట్టడానికి ఒక పోస్టుకార్డు కూడా చాలుతుందన్నమాట.

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి, బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రికి, కదిరి, కళ్యాణదుర్గం, గుంతకల్లు ఆసుపత్రులకు ఇలా వచ్చి ప్రాణం దక్కించుకుని ఇంటికెళ్లేవాళ్లకు ఈ తొమ్మిది పలకరింపులు అందించడం అసాధ్యమైన ఖర్చేమీ కాదు. ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్‌ఎం ఉంది. కావలసింది ఒక రిజిస్టరు, ఒక ఫోను, పోలీసు కేసన్న భయం లేకపోవడం. ఆ భయానికి చట్టంలో ఇప్పుడు చోటు లేదు. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్‌లో, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించాలని, శిక్షించకూడదని, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదేనని చెప్పింది. ఈ సంగతి ఊళ్లలో చాలామందికి తెలియదు. కేసవుతుందని భయపడి పొరపాటున జరిగిందని చెప్పి, మనసు సంగతి ఎత్తకుండానే ఇంటికి తీసుకెళ్లిపోతారు. అసలు చికిత్స మొదలు కావాల్సిన చోటే ఆగిపోతుంది.

పల్లెల్లో మానసిక వైద్యం సాధ్యం కాదనేవాళ్లకు సమాధానం పక్క జిల్లాలోనే పుట్టింది. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 1985లో బళ్లారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి జిల్లా అంతటా మానసిక వైద్యం అందేలా చేశారు. 1996లో మొదలైన జాతీయ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారే నమూనా. ఒకప్పుడు మన తల్లిజిల్లా అది. విదర్భలోని అమరావతి జిల్లాలో 30 ఊళ్లలో విశ్రామ్ అనే కార్యక్రమం ఇంకో అడుగు వేసింది. ఊరి కార్యకర్తలకే కుంగుబాటును గుర్తించడం, ఓదార్పుగా మాట్లాడటం నేర్పారు. 2017లో వచ్చిన లెక్కల ప్రకారం, కుంగుబాటుతో ఉన్నవాళ్లలో సాయం కోరివచ్చినవాళ్లు 4.3 శాతం నుంచి 27.2 శాతానికి పెరిగారు. గడిచిన ఏడాదిలో చావు ఆలోచన వచ్చిందన్నవాళ్లు 5.2 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గారు. తెలంగాణలో వికారాబాద్ కేంద్రంగా 2017లో మొదలైన కిసాన్ మిత్ర ఫోను సేవ ఇంకో దారి చూపింది. రైతు ఫోన్ చేస్తే ఓదార్చి ఊరుకోకుండా, పాసుపుస్తకం, బ్యాంకు రుణం, పంట నష్టం వంటి అసలు చిక్కును అధికారుల దాకా తీసుకెళ్లి వెంటపడటం. దారి మూసుకుపోయిందనుకున్న మనిషికి ఒక దారి నిజంగా తెరిచి చూపిస్తే అంతకన్నా మంచి మానసిక వైద్యం ఏముంటుంది?

పత్రికలవాళ్లం మేమూ ఇందులో భాగమే. 1987లో వియన్నాలో పత్రికలు మెట్రో రైలు ఆత్మహత్యల గురించి సంచలనంగా రాయడం తగ్గించగానే ఆ మరణాలు గణనీయంగా పడిపోయాయి. భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. పద్ధతి వివరించవద్దు, ఫొటో వద్దు అని. తెలుగు పత్రికలు, ముఖ్యంగా తెలుగు టీవీ, ఇవి ఎంత పాటిస్తున్నాయో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. గండం గట్టెక్కి బతికిన మనుషుల కథలు పత్రికల్లో వచ్చాక ఆత్మహత్యలు తగ్గినట్టు వియన్నాలోనే 2010లో ఇంకో పరిశోధన తేల్చింది. ఈ సీమలో అలాంటి కథలు వేలల్లో ఉన్నాయి. వాటిని రాసే బాధ్యత మాది.

ఆర్నెల్ల ముందు

బోరు ఫెయిలైన సంగతి ఊరికి తెలుసు, బోరుబండి తిరిగి వెళ్లిన రోజే తెలుసు. పంట నష్టం జాబితా రైతు సేవా కేంద్రంలో ఉంటుంది. బంగారం వేలానికి వచ్చిన నోటీసు బ్యాంకులో ఉంటుంది. ఆత్మహత్యకు ప్రయత్నించి ఇంటికొచ్చిన మనిషి పేరు ఆసుపత్రి రిజిస్టరులో ఉంటుంది. ఇప్పటికే తెలిసిన ఈ నాలుగు సంగతులను కలిపి, ఆ ఇళ్లకు ముందే ఒకసారి వెళ్లడం. త్రిసభ్య కమిటీకి కొత్త జీవో అవసరమైతే ఇవ్వండి. తహసీల్దారు అప్పుకు గడువు మాట్లాడవచ్చు, వ్యవసాయాధికారి బీమా కాగితం పట్టుకోవచ్చు, పోలీసు నలుగురిలో నిలదీస్తున్న అప్పులవాడిని వారించవచ్చు. ముగ్గురిలో ఎవరి దగ్గరా లేనిది మనసు గురించి అడగడం. అది ఏఎన్‌ఎమ్ముకు నేర్పితే వస్తుంది, పక్కింటి మనిషికీ వస్తుంది.

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనన్న భయం సహజం. 2014లో ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ వెతికింది. అడిగినందువల్ల ఆలోచన పెరిగినట్టు ఎక్కడా కనిపించలేదు, కొందరిలో తగ్గింది కూడా. చుట్టూ తిప్పకుండా అడగవచ్చు. 'అన్నా, ఈమధ్య నీకు బతుకు మీద విరక్తి పుడుతోందా? ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?' అవునంటే బెదిరిపోకుండా, తిట్టకుండా, పిల్లల మొహం చూడమని ఒట్లు వేయించకుండా వినాలి. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో ఉన్న పురుగుమందును వేరే ఇంటికి పంపాలి. కష్టం ముదిరినప్పుడు ఎవరికి చెప్పుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి, ఏం చేస్తే ఊపిరి ఆడుతుంది అన్నవి ఆ మనిషి చేతే ఒక కాగితం మీద రాయించి, జేబులో పెట్టించాలి. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తయారుచేసిన ఈ కాగితం పద్ధతిని ఫోను పలకరింపుతో కలిపి వాడితే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల వంటి చేష్టలు 45 శాతం తక్కువని 2018లో తేలింది.

ఇది చదువుతున్న మీకే అలా అనిపిస్తుంటే, లేదా ఇంట్లో ఎవరి గురించైనా గుబులుగా ఉంటే, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ పేరుతో 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం వెంటనే ఉందనిపిస్తే 112కు గానీ 108కి గానీ చేయండి. గుబులు కలిగించిన మనిషికి మీరు ఫోన్ చేశాక, ఆ మనిషి మళ్లీ తిరిగి చేయకపోతే వారం తర్వాత మీరే ఇంకోసారి చేయండి, ఆ తర్వాత నాలుగో వారంలో, ఏడో వారంలో.